బంతి వదలని చెయ్యి

టీవీకి తగిలించి ఆడుకునే గేము పెట్టెల గురించి మీరు ఆన్‌లైన్‌లో పెట్టుకునే తగవులన్నీ నేను చదువుతాను. నల్లపెట్టె వాళ్లు గొప్పా, ఆకుపచ్చ గుర్తు వాళ్లు గొప్పా, ఎవరి ఆటలో వాన కురిస్తే రోడ్డు నిజంగా తడిసినట్టుంటుంది, ఎవరు చందాల పేరుతో జేబులు ఖాళీ చేస్తున్నారు... అన్నీ. అప్పుడప్పుడు నేనూ ఒక మాట రాస్తాను. జవాబిచ్చేవాళ్లు నన్ను "బ్రో" అంటారు. నేను ఉద్యోగం ముగించుకుని మార్కాపురంలో కూర్చున్న ఫిజియోథెరపిస్టుని. ఆడమనిషిని. ఇన్నేళ్లూ ఊరి మోకాళ్లన్నీ చూసి ఇప్పుడు నా మోకాళ్లు నేనే చూసుకుంటున్నదాన్ని. అయినా ఆ పిలుపు బాగానే ఉంది. దిద్దలేదు.

నాకూ గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. ఉడకని అన్నం విస్తట్లో వడ్డించి, మీరు తింటూ ఉండండి, వచ్చే నెల మళ్లీ పొయ్యి మీద పెడతాం అన్నట్టు ఆటలు అమ్మే పద్ధతి నాకు నచ్చదు. ఒక మంచి ఆటను ఒక్క పెట్టెలోనే బంధించి, కావాలంటే మా పెట్టే కొనండి అనడం, మా బావి నీళ్లు మా చేదతోనే తోడుకోవాలని పంతం పట్టినట్టుంటుంది. డిస్కు లేకుండా నెట్‌లోంచి దించుకున్న ఆటను కొన్నామనుకుంటాం గానీ నిజానికి అందులో అద్దెకుంటాం. ఇల్లుగలాయన ఖాళీ చెయ్యమన్నరోజు ఖాళీ చెయ్యాలి.

ఇక్కడిదాకా మీరూ నేనూ ఒకటే. కానీ మీ తగవుల్లో మూడో కంపెనీ ఒకటి వస్తుంటుంది. దాని మాట రాగానే రెండు వర్గాలూ ఏకమై "అది పిల్లల సరుకు" అని తేల్చేస్తాయి. నేనూ ఒకప్పుడు అంతే అనేదాన్ని. రాచర్ల వైపు గొర్రెలు మేపుకునే ఒకావిడ వచ్చి నా అభిప్రాయం మార్చింది. ఆమె ఈ కంపెనీల్లో దేని పేరూ ఎప్పుడూ వినలేదు.

అప్పుడు నేను కంభానికీ గిద్దలూరుకీ మధ్య ఒక ట్రస్టు ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. మా విభాగం వెనకవైపు, జనరేటరు గది పక్కన. పట్టుకుని నడవడానికి రెండు కమ్మీలు, గోడకు ఒక నిలువుటద్దం, తాడూ కప్పీ, చిల్లులున్న ఒక చెక్కపలక, ఆ చిల్లుల్లో గుచ్చే పుల్లలు. ఇదే మా సరంజామా. నాకు సహాయంగా ఎవరూ లేరు. పక్క వార్డు చూసుకునే పెద్ద సిస్టరే తీరిక దొరికినప్పుడు వచ్చి ఒక చెయ్యి వేసేది. రాచర్ల దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి. వాళ్ల అమ్మానాన్నలు కూలిపని చేసి చదివించారు. ఆదివారం చర్చిలో ఎంత గట్టిగా పాడేదో, మిగతా రోజులు మా మీద అంత గట్టిగా అరిచేది.

ఇంటికి పోయాక నాకు ఇంకో బతుకుండేది. టీవీ కోసం నాకూ మా ఆయనకూ రోజూ యుద్ధమే. ఆయనకు వార్తలు కావాలి, నాకు నల్లపెట్టె కావాలి. ఆ పెట్టెలో నేను కొండలెక్కాను, కోటలు పట్టాను, కార్లు గుద్దాను. బెంగుళూరులో ఉన్న తమ్ముడు మాత్రం ఆ మూడో కంపెనీ తెల్లపెట్టె కొని, మోజు తీరాక, "అక్కా, నీకేమైనా పనికొస్తుందేమో చూడు" అని మా ఇంట్లో పడేసి పోయాడు. దానికి రెండు చేతులతో పట్టుకునే మీటల పలక ఉండదు. టీవీ రిమోటు లాంటిది ఒకటుంటుంది. అది పట్టుకుని మనం చెయ్యి ఊపితే తెరమీద బొమ్మ చెయ్యి ఊపుతుంది. ఒక ఆదివారం ఆడి చూసి, ఇదేం ఆట, పెళ్లి ఊరేగింపులో కోలాటంలా ఉంది అని బీరువా మీదికి ఎక్కించాను.

అట్లాంటి రోజుల్లో గొర్రెలు మేపుకునే ఆ ఆవిడ మా దగ్గరకు వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఇక్కడా అట్లాగే అంటాను. ఆమె భర్త నాకు బావ అయ్యాడు.

అక్కకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట దక్కింది. కాలు మెల్లగా తిరిగొచ్చి, కర్ర పట్టుకుని నడుస్తోంది. చెయ్యే రాలేదు. అందులోనూ ఆమెది ఎడమచేతి వాటం. పాలు పితికింది, ముద్ద కలిపింది, గొర్రెను మళ్లించడానికి రాయి విసిరింది, అన్నీ ఆ చేత్తోనే.

చెయ్యి రాలేదంటే పూర్తిగా రాలేదని కాదు. ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి, ఇది తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. పక్షవాతం నుంచి కోలుకునే చేతికి మామూలుగా ముందు పట్టు వస్తుంది, తర్వాత విడుపు వస్తుంది. వేళ్లు మూసుకోవడం తేలిక, తెరుచుకోవడం కష్టం. కొందరికి ఆ రెండోది ఎప్పటికీ రాదు. అక్క చేతిలో ఏదైనా పెడితే పట్టుకునేది. పట్టుకున్నదాన్ని వదల్లేకపోయేది. పుల్ల ఇచ్చి చిల్లులో గుచ్చమంటే, పుల్లను చిల్లుదాకా తెచ్చి అక్కడ ఆగిపోయేది. నేను ఒక్కొక్క వేలూ విప్పి పుల్ల తీసుకోవాలి. నేను అట్లా విప్పుతున్నంతసేపూ ఆమె తల పక్కకు తిప్పుకుని జనరేటరు గది గోడ చూస్తూ ఉండేది.

ఒకరోజు పలకను కుడిచేత్తో పక్కకు నెట్టేసింది.

"ఈ కట్టెపుల్లలు ఈడ తీసి ఆడ పెట్టేదానికి నేనేమన్నా సిన్నపిల్లనా డాక్టరమ్మా?"

"చెయ్యి అలవాటు పడాలి కదక్కా."

"అది నా చెయ్యి కాదులే. నా మాట ఇన్నప్పుడే నాది. ఇప్పుడది యెవురిదో."

వరండాలో కూర్చున్న బావ ఆ మాట విన్నాడు. సన్నటి మనిషి, భుజాన కండువా. ఆ రోజు పోతూ పోతూ నా దగ్గర ఆగాడు.

"ఏం జేద్దామంటావమ్మా? ఆమె లేకుండా నేనొక్కణ్ణే మందను మేపలేకపోతాండా. నా కండ్లు సరిగా అగుపడవు. గొర్రె పంటలో పడితే మళ్లించేది ఆమే. అమ్మేద్దామని ఉండా."

"అక్కతో అన్నారా?"

"అంటే బతుకుతానా?"

పెద్ద డాక్టరు గారు కూడా ఆ వారమే చెయ్యి చూసి నన్ను పక్కకు పిలిచారు. కోస్తావైపు మనిషి, మెత్తగా మాట్లాడేవారు. "చూడండి మేడమ్, వచ్చేది వచ్చేసిందేమో అనిపిస్తోంది. ఈ నెలాఖరు దాకా చూద్దాం. ఆ తర్వాత ఇంటి దగ్గర చేసుకునే వ్యాయామాలు రాసిచ్చి పంపేద్దాం. అంత దూరం నుంచి ఆటోలో వచ్చిపోతూ ఎన్నాళ్లు అవస్థ పడతారు?" ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాకూ లోపల అదే అనిపిస్తోంది. అనిపించినందుకే ఎక్కువ కోపం వచ్చింది.

ఆ సాయంత్రం నల్లపెట్టె ముందు కూర్చున్నా మనసు నిలవలేదు. బీరువా మీది తెల్లపెట్టె దించి, దుమ్ము దులిపి, ఊరికే టీవీకి తగిలించాను. అందులో బంతి దొర్లించి సీసాల్లాంటి గుంజలు పడగొట్టే ఆట ఒకటుంది. రిమోటు అడుగున ఒక మీట ఉంటుంది. చూపుడువేలితో దాన్ని నొక్కి పట్టుకుంటే బొమ్మ చేతిలో బంతి ఉంటుంది. చెయ్యి వెనక్కి ఊపి ముందుకు తెచ్చి మీట వదిలెయ్యాలి. వదిలితేనే బంతి పోతుంది. నొక్కే ఉంటే బొమ్మ ఎంత ఊగినా బంతి దాని చేతికే అంటుకుని ఉంటుంది.

రెండు బంతులు వేసి మూడోది వెయ్యబోతూ ఆగిపోయాను. నేను అప్పటిదాకా ఆడిన ప్రతి ఆటా నొక్కడం మీదే నడిచింది. నొక్కితే దూకు, నొక్కితే కొట్టు, నొక్కితే కాల్చు. వదిలితే జరిగే పని ఒకటుందని నాకు తట్టనే లేదు. నల్లపెట్టె మీటల పలక తీసి చేతిలో తిప్పి చూశాను. రెండు చేతులూ, పది వేళ్లూ, అన్నీ చురుగ్గా ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది. అక్కకది రాయితో సమానం. ఈ రిమోటుకు ఒక్క చెయ్యి చాలు. దాన్ని అక్క ఎట్లాగూ పట్టుకుంటుంది. మీట కూడా ఎట్లాగూ నొక్కుకుపోతుంది. మిగిలింది ఒక్కటే, వదలడం. ఆమెకు రానిదీ అదే.

మర్నాడు పెట్టెను సంచిలో వేసుకుని ఆసుపత్రికి పోయాను. పెద్ద డాక్టరు గారు ముందు నవ్వారు, తర్వాత నవ్వు ఆపారు.

"వీడియో గేమా? ట్రస్టు వాళ్లు చూస్తే ఏమనుకుంటారండీ?"

"నెలాఖరు దాకా అన్నారు కదా సార్. అందాకే."

"సరే. కానీ బయటి హాల్లో ఉన్న కొత్త టీవీ ముట్టుకోకండి. అది దాతలిచ్చింది."

సిస్టర్ల గదిలో డొక్కు టీవీ ఒకటుండేది, వెనక్కి పొడుచుకొచ్చిన లావుపాటిది. దాన్ని నా గదిలోకి మోయించేసరికి పెద్ద సిస్టర్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నా సీరియల్ తీసుకపోయి నువ్వు ఆటలాడుకుంటావా? దేవుడు చూస్తానే ఉండాడు" అంది. దేవుడితోపాటు తనూ చూస్తూ అక్కడే నిలబడింది. అరగంట కాకముందే తనకో రిమోటు అడిగింది.

అక్క చేతికి రిమోటు పెట్టి, జారకుండా పైన మెత్తటి కట్టు కట్టాను. దాని చివర మణికట్టుకు తగిలించుకునే తాడు ఉంటుంది, అదీ తగిలించాను. తెరమీద అక్క బొమ్మ వచ్చింది. కొప్పూ గుండ్రటి ముఖమూ పెద్ద సిస్టర్ ఎంచి పెట్టింది. ఆ బొమ్మలకు తలా ఒళ్లూ ఉంటాయి గానీ చేతులుండవు. గుండ్రటి గుప్పెళ్లు మాత్రం గాలిలో తేలుతుంటాయి.

అక్క చాలాసేపు చూసింది. "ఏంది, దీనికీ చెయ్యి లేదే!" అంది.

నేనూ పెద్ద సిస్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతలో అక్కే నవ్వింది. ఆమె మా ఆసుపత్రికి వచ్చాక నవ్వడం అదే మొదలు.

బంతి మాత్రం పోలేదు. ఆ రోజు పోలేదు, ఆ వారం పోలేదు. బొమ్మ వెనక్కి ఊగేది, ముందుకు ఊగేది, బంతి గుప్పిట్లోనే ఉండేది. పెద్ద సిస్టర్ పక్కన నిలబడి గుంజలన్నీ పడగొట్టి గెంతేది. ఆమెకు ఆట ఇంత బాగా రావడం నాకే కొంచెం కష్టంగా ఉండేది. ఎన్ని కోటలు పట్టినదాన్ని, ఒక కోలాటంలో ఓడిపోవడమా?

కానీ నేను ఆశించని మార్పు ఒకటి వచ్చింది. అన్ని రోజులూ తన చేతిని తిట్టుకున్న మనిషి ఇప్పుడు బొమ్మను తిట్టడం మొదలుపెట్టింది. "ఇడువే! నీ చేతికి జిగురంటుకుందా? ఇడువ్!" అని అరిచేది. నడుం నొప్పికి వచ్చినవాళ్లు, మెడకు పట్టీ వేసుకున్నవాళ్లు, అందరూ గుమ్మంలో గుమిగూడి, "ఇడువు ఇడువు" అని తామూ అరిచేవాళ్లు. పుల్లల ముందు తల తిప్పుకున్న మనిషి ఇప్పుడు కన్నార్పకుండా తెరను చూసేది. గంటకు పదిసార్లు కూడా చెయ్యి ఎత్తనిది, లెక్కలేనన్నిసార్లు ఊపేది. నన్ను డాక్టరమ్మా అనడం మానేసి "చెల్లా" అనడం కూడా అప్పుడే మొదలైంది.

మెల్లగా కట్టు అక్కర్లేకపోయింది. రిమోటు తనంతట తానే పట్టుకుని నిలబడగలిగింది. మణికట్టు తాడుతోనే ఆమెకు పేచీ. గాజులకు తగులుకుంటుందని ఒకటే సణుగుడు. అప్పుడప్పుడు చూపుడువేలు కొంచెం కదిలినట్టుండేది. కదిలిందో, నా ఆశకు అట్లా కనిపించిందో చెప్పలేను.

నెలాఖరు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం డొక్కు టీవీ టప్పుమని ఆగిపోయింది. వెనకాల కాలిన వాసన. అక్క అప్పుడే ఆటో దిగింది. ఏం చెయ్యాలో తోచక బయటి హాల్లోకి తొంగిచూశాను. ఓపీ అయిపోయింది, బెంచీలు ఖాళీ. గోడకు కొత్త టీవీ, అద్దంలాగా పల్చగా, మెరుస్తూ ఉంది.

"పెద్ద డాక్టరు వార్డులో ఉండాడు, ఇప్పుడప్పుడే రాడు" అంది పెద్ద సిస్టర్. దేవుడు చూస్తానే ఉండాడని ఆ రోజు అనలేదు.

తీగలు తగిలించేలోపు బావ లోపలికి వచ్చాడు. ఎప్పుడూ వరండా దాటి రాని మనిషి. కండువా చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, అక్క వైపు చూడకుండా చెప్పాడు.

"కంభం మనిషితో మాట్లాడినా. రేపొచ్చి మందను తోలకపోతాడంట."

అక్క రిమోటు ఎడమచేతిలో పెట్టుకుని తెర వైపు తిరిగింది. నేను ఆమె మణికట్టుకు తాడు తగిలించాను. ఆమె కుడిచేత్తో దాన్ని లాగి పారేసింది. "గాజులకు తగులుకుంటాందని ఎన్నిసార్లు చెప్పాల?" అంది. గొంతులో పేచీ లేదు, వేరే ఏదో ఉంది. మళ్లీ తగిలించబోయి, ఆ మొహం చూసి ఊరుకున్నాను.

మొదటి బంతి పోలేదు. రెండోదీ పోలేదు.

బావకు ఆ బొమ్మ మీదే జాలి కలిగినట్టుంది. "చాల్లేయే. ఎందుకు అవస్థ? పోదాం పా" అన్నాడు.

అక్క ఆయన వైపు తిరిగి ఒక్క చూపు చూసింది. తర్వాత కర్రను బెంచీకి ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, తెరకు పక్కవాటుగా నిలబడింది. నేను నేర్పిన నిలుపు కాదది. చేను గట్టుమీద నిలబడి, దారి తప్పిన గొర్రె ముందుకు రాయి విసిరే మనిషి అట్లా నిలబడుతుంది. చెయ్యి వెనక్కి పోయింది. ముందుకు వచ్చింది.

ఫట్‌మని చప్పుడైంది.

ముందు నాకు అర్థం కాలేదు. తెర మధ్యలోంచి నాలుగు వైపులకూ సాలెగూడులాగా బీటలు పాకాయి. ఊదా, ఆకుపచ్చ చారలు మెరిసి, తెరంతా నల్లబడింది. రిమోటు కింద పడి తలకిందులుగా తిరుగుతోంది. దాని వెనక మూత ఊడి బెంచీ కిందికి జారింది.

"ప్రభువా" అంది పెద్ద సిస్టర్. ఈసారి అరుపు కాదు.

వార్డులోంచి పెద్ద డాక్టరు గారు పరుగులాంటి నడకతో వచ్చారు. టీవీ చూశారు. నన్ను చూశారు.

"ఏంటిది? ఎవరు చేశారు?"

నేను నోరు తెరిచేలోపు పెద్ద సిస్టర్ ముందుకొచ్చింది. "నేనే సార్, చెయ్యి జారి..." అంటోంది. ఆమెను పక్కకు జరుపుతూ అక్క అడుగు ముందుకేసింది.

"ఆమె కాదు సార్. నేనే. ఈ చేత్తోనే పగలగొట్టినా" అని ఎడమచెయ్యి ఎత్తి చూపింది.

అప్పుడు చూశాను నేను. ఎత్తిన ఆ అరచెయ్యి తెరుచుకుని ఉంది. వేళ్లు పూర్తిగా చాచుకోలేదు, కొంచెం వంగే ఉన్నాయి. కానీ గుప్పిట లేదు. ఆమె చేతిలో రిమోటు లేదు, దాన్ని ఎవరూ విప్పి తీసుకోలేదు.

డాక్టరు గారు టీవీ సంగతి మరిచిపోయారు. జేబులోంచి పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు.

"పట్టుకోండమ్మా."

పట్టుకుంది.

"ఇప్పుడు వదలండి."

వేళ్లు బిగుసుకున్నాయి. అక్క నుదుటిమీద చెమట పట్టింది. ఏమీ జరగలేదు. ఆ విసురు విసురే, అంతే, అనుకున్నాను. అంతలో బొటనవేలు కొంచెం పక్కకు జరిగింది. చూపుడువేలు దాన్ని అనుసరించింది. పెన్ను నేలమీద పడి టక్కుమంది.

ఆయన వంగి తీసి మళ్లీ ఇచ్చారు. మళ్లీ పడింది. మళ్లీ వంగారు. ఆయన నడుం నొప్పికి నేనే వైద్యం చేస్తున్నాను, వంగొద్దని రోజూ చెప్పేదాన్ని. ఆ రోజు చెప్పలేదు. ప్రతిసారీ కొంచెం ఆలస్యంగానే అయినా, ప్రతిసారీ పడింది. చివరికి ఆయన వంగడం మానేసి, పెన్ను అక్కడే వదిలేసి, అద్దాలు తీసి తుడుచుకున్నారు.

అక్క బావ వైపు తిరిగింది.

"ఆ కంభమాయనకు ఫోన్ చెయ్యి. మందను ఇయ్యడంలేదని చెప్పు."

"ఇప్పుడా?"

"మరి గొర్రెలు తోలకపోయినాక జేస్తావా?"

ఆయన ఫోన్ చేశాడు. గట్టిగా మాట్లాడే అలవాటు లేని మనిషి, ఆ రోజు ఆసుపత్రి అంతా వినబడేట్టు మాట్లాడాడు.

ఇది తెల్లపెట్టె మహిమ అని మీరు అనుకోకండి. పుల్లలు పనిచేశాయి, నేను విప్పిన వేళ్లు పనిచేశాయి, వారాలకొద్దీ ఊపిన ఊపు పనిచేసింది. కొంత కాలమూ చేసింది, కొంత కోపమూ చేసింది. ఆ తర్వాత కూడా అక్క చాలా రోజులు వచ్చింది, చెయ్యి రావడం ఒక్క పూటతో అయ్యే పని కాదు. అయితే ఆ పుల్లల ముందే కూర్చోబెట్టి ఉంటే, ఆమె ఆ నెలాఖరు దాకా వచ్చి ఉండేది కాదు. అంత మాత్రం గట్టిగా చెప్పగలను.

టీవీ గురించి అందరం భయపడ్డాం. ట్రస్టు వాళ్లు వచ్చినప్పుడు పెద్ద డాక్టరు గారు వాళ్లను నేరుగా ఆ పగిలిన తెర ముందుకు తీసుకుపోయి, అదేదో ప్రదర్శనకు పెట్టిన వస్తువులాగా చూపించారు. "ఇది పక్షవాతం వచ్చిన చెయ్యి పగలగొట్టిన టీవీ" అన్నారు. దాతల్లో ఒక పెద్దాయన దగ్గరికి పోయి ఆ బీటలు వేలితో తడిమి చూశాడు. ఎవరూ కోప్పడలేదు. కొత్తది వచ్చింది, దాని ముందు దళసరి ప్లాస్టిక్ పలక కూడా వచ్చింది. "మణికట్టుకు తాడు లేనిదే ఆట లేదు" అని పెద్ద సిస్టర్ పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించింది. నెల తిరక్కముందే పెద్ద డాక్టరు గారు ఓపీ అయ్యాక వచ్చి ఒక ఆట ఆడిపోవడం అలవాటు చేసుకున్నారు. పెద్ద సిస్టర్ చేతిలో ఓడని రోజు లేదు. తాడు బిగుతైందని సాకు చెప్పేవారు.

నేను ఉద్యోగం విడిచేదాకా ఆ పెట్టె నా గదిలోనే ఉంది. దాన్ని చేసిన కంపెనీ మాత్రం ముందుకు పోయింది. చెయ్యి ఊపే ఆటల మోజు తగ్గింది, ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి మూసేశారు, పాత రిమోటు పాడైతే కొత్తది దొరకడం గగనమైంది. మిగతా కంపెనీలు ఆ పద్ధతిని కొన్నాళ్లు అనుకరించి, లాభం లేదని వదిలేశాయి. ఇప్పటి మీటల పలకలు చూస్తే నాకు మా అక్క గుర్తొస్తుంది. వేలు పెట్టడానికి చోటు లేనన్ని మీటలు. ఈ మధ్య చేతులు సరిగా లేనివాళ్ల కోసం అరచెయ్యంత మీటలతో ఒక పలక చేసిన కంపెనీ కూడా ఉంది. ఆ పని చేసినవాళ్లంటే నాకు గౌరవం. కానీ అది గిద్దలూరు దాకా ఎప్పుడొస్తుందో వాళ్లకూ తెలియదు.

ఆ బంతాట తయారుచేసినవాళ్లు పక్షవాతం గురించి ఆలోచించి ఉండరు. ఇంట్లో అవ్వ కూడా ఆడాలి అనుకుని ఉంటారు, అంతే. ఆ అనుకోవడంలో చాలా ఉంది. పెట్టె ఎంత బలమైనదని మీరు అడుగుతారు, అడగండి. దాన్ని ఎవరి చేతిలో పెట్టడానికి చేశారో కూడా ఒకసారి అడగండి. నల్లపెట్టె నేను ఇప్పటికీ వదల్లేదు, నిన్న కూడా ఒక కోట పట్టాను. కానీ ఎవరైనా మూడో కంపెనీని పిల్లల సరుకు అంటే మాత్రం నాలుగు పేరాలు రాస్తాను. అందులో రెండు కోపంగా ఉంటాయి.

అక్క చివరిసారి చూపించుకోవడానికి వచ్చింది వానలు వెనకబట్టాక. కర్ర లేదు. బావ ఆటోవాడితో మాట్లాడుతూ వెనకబడ్డాడు, ఆమె ఒక్కతే హాలు దాటి నా గదికి వచ్చింది. ఎడమచెయ్యి పొట్టకు ఆనించుకుని, అరచేతిలో ఏదో పెట్టుకుని, కుడిచేత్తో కొంగు కప్పుకుంది. చెయ్యి మళ్లీ బిగుసుకుందేమోనని గబగబా ఎదురు పోయాను.

కొంగు తీసింది. సీతాఫలం. బాగా పండింది, కళ్లు విచ్చుకుని లోపలి తెలుపు కనిపిస్తోంది. ముట్టుకుంటే చిట్లిపోయే పండు. రాచర్ల నుంచి ఆ గుంతల రోడ్డంతా ఆటోలో, ఆ చేతిలోనే తెచ్చింది. ఎక్కడా నొక్కుకుపోలేదు.

నేను రెండు అరచేతులూ దోసిలి పట్టాను. ఆమె తన చెయ్యి దాని మీదికి తెచ్చింది. తొందరపడలేదు.

"గట్టిగా పట్టుకో చెల్లా" అంది. "నేనిడుస్తాండా."